ముత్యాలును పిలిచిన గొంతు

మా తోటలో ఎలుగుబంటి పేరు ముత్యాలు. కాలం చేసిన మా మామగారు పెట్టిన పేరు. అంత నల్లటి ఒంటి మీద ఆయనకు ముత్యం ఎక్కడ కనిపించిందో ఎవరూ అడగలేదు. ఆయనను ఏదైనా అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. ఉట్నూరు అడవిలో తల్లి చచ్చిపోయిన పిల్లను ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మానేరు వైపున్న తోటలో దానికి ఇనుప చువ్వల ఇల్లు కట్టించారు. దానికి తోడని రెండు జింకలు, జింకలకు తోడని నెమళ్లు, నెమళ్లకు తోడని కోతులు. ఇట్లా తోడు మీద తోడు తెచ్చుకుంటూ పోతే చివరికి అది ఎనిమిది బోన్ల జంతువుల తోట అయింది. కరీంనగర్‌కు కచేరీ పని మీద వచ్చిన పల్లెటూరి వాళ్లు తిరిగిపోయే ముందు ఒకసారి లోపలికి వచ్చి చూసి పోయేవారు.

"వాయిదా పడ్డోళ్లు జింకల దగ్గర నిలవడ్తరు, కేసు ఓడినోళ్లు ఎలుగు దగ్గర నిలవడ్తరు" అనేవాడు హనుమండ్లు. జంతువులను చూసుకునే మనిషి అతనే. ముత్యాలు పిల్లగా వచ్చిన నాటి నుంచి అతని చేతి తిండే తిన్నది.

నేను చెప్పేది యాభై ఏడో సంవత్సరం సంగతి. మృగశిర కార్తె నుంచి దసరా దాకా, అంతే.

మృగశిర నాడు చేపల కూర తిని చెయ్యి కడుక్కుంటుంటే వీధిలో దండోరా వినిపించింది. కొత్త జ్వరం వస్తున్నది, జాతరలు బంద్, సినిమా బంద్, రావుగారి తోట బంద్. జ్వరం మద్రాసులో ఓడ దిగిందని నేను అప్పటికే పేపర్లో చదివాను. ఓడ దిగిన జ్వరం కాజీపేటలో రైలు దిగి కరీంనగర్ బస్సెక్కడానికి ఎన్నో రోజులు పట్టలేదు. మా తోటలో ఊడ్చేవాళ్లూ, నీళ్లు మోసేవాళ్లూ, గేటు దగ్గర టిక్కెట్టు చింపే ముసలాయనా మూటలు కట్టుకుని ఊళ్లకు పోయారు. హనుమండ్లూ, అతని భార్య కొమురవ్వా మిగిలారు.

మావారు శ్యాంసుందర్‌రావు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయనది ఉర్దూ మీడియం. నిజాం కాలంలో ఆ చదువుతో తాలూకా అంతా తలెత్తుకుని తిరిగారు. తర్వాత రాజ్యం మారింది, రాష్ట్రం మారింది, కచేరీలో కాగితాలన్నీ ఇంగ్లీషులోకి పోయాయి, నేను ఆయనకు అవసరమయ్యాను. అంతకుముందు నా బి.ఏ. సంగతి మా ఇంట్లో మాట్లాడుకున్నది పెళ్లిచూపుల నాడు ఒక్కసారే, అదీ ఎక్కువ చదివిందని అనుమానంగా. ఇప్పుడు ఉత్తరాలు నేను రాస్తాను. ఆయన కింద ఉర్దూలో సంతకం పెడతారు. పైన ఏముందో అడగరు. నా మీద అంత నమ్మకం. నాకూ ఆయన మీద అంతే ఉండేది.

మూడో వారంలో కొమురవ్వ వెనక వాకిట్లోకి వచ్చి దూరంగా నిలబడింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"దొర్సాని, ఈయనకు ఒళ్లు కాలిపోతున్నది. ముత్యాలు నా మాట ఇంటలేదు. మూడు దినాలాయె బోను కడగక."

నేను మావారి వైపు చూశాను. ఆయన పేపరు చూస్తున్నారు.

"ఎవరన్న పోవాలె గద" అన్నాను.

"ఎలుగు దగ్గరికా?" అన్నారు. పేపరు పేజీ తిప్పి, "జర పైలం" అన్నారు. పోయేది నేనని ఇట్లా తేలింది.

హనుమండ్లు కొట్టంలో మంచం మీద పడుకుని, మూతికి తువ్వాల కట్టుకుని, గోడ అవతల ఉన్న నాకు పాఠం చెప్పాడు. కాలేజీలో నాలుగేళ్లు చదువుకున్నాను గాని అంత సూటిగా చెప్పిన పంతులు నాకెక్కడా దొరకలేదు. బోనుకు రెండు గదులు. బయటిది పెద్దది, లోపలిది చిన్నది, మధ్యలో గొలుసుతో లేపే ఇనుప పలక. లోపలి గదిలో ఇప్పపువ్వు పెట్టాలి. బొక్కెన మీద గరిటెతో మూడు దెబ్బలు కొట్టి, ముత్యాలూ, రా బిడ్డా, అని పిలవాలి. అది లోపలికి పోగానే పలక దించాలి. బయటి గది కడిగి మళ్లీ పలక లేపాలి.

"రెండు మాటలు యాది పెట్టుకోండ్రి దొర్సాని" అన్నాడు దగ్గుతూ. "పిల్చినంక తిండి ఉండాలె. పొద్దు గూకకముందు పలక లేపాలె. ఒక్కపారి అబద్ధం చెప్పి లోపటికి పిలిస్తే ఇగ జన్మల రాదు. మనిషైతే మర్చిపోతడు. అది జంతువు."

దొరసాని గొంతు పడసాల దాటకూడదని మా అత్తగారింటి కట్టు. తొమ్మిదేళ్లుగా దాటలేదు. మొదటి రోజు నేను పిలిచిన పిలుపు నాకే వినిపించలేదు. ముత్యాలు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, వీపు తిప్పి కూర్చుంది. మా అత్తగారు బతికి ఉన్నప్పుడు అచ్చం అట్లాగే చేసేవారు. రెండో రోజు కాలేజీ నాటకంలో రాణి వేషానికి వాడిన గొంతు బయటికి తీశాను. నెమళ్లు బెదిరాయి, అది కదలలేదు. మూడో రోజు విసుగొచ్చి, మా పుట్టింట్లో తమ్ముణ్ని అన్నానికి పిలిచినట్టు, "ముత్యాలూ, రా బిడ్డా, చల్లారిపోతది" అన్నాను. లేచింది. నిమ్మళంగా లోపలికి నడిచింది. పలక దించి, ఆ చువ్వలకు ఆనుకుని నేను ఎందుకో ఏడ్చాను. కొమురవ్వ చూడనట్టు చీపురు అందుకుంది.

హనుమండ్లు ఇరవై రోజులకు లేచాడు గాని జ్వరం అతని గొంతు తీసుకుపోయింది. మాట్లాడితే ఎండుటాకు నలిగినట్టు ఉండేది. బొక్కెన కొట్టి అతను పిలిస్తే ముత్యాలు చెవి రిక్కించి, ఎవరో పరాయి మనిషి అనుకుని, నా వైపు చూసింది.

"ఇగ గది మీ బిడ్డనే" అని నవ్వాడు. నవ్వి, తల వంచి గరిటెను ధోతికి తుడిచి నా చేతికిచ్చాడు. ఇవ్వడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

జనం లేకపోవడం జంతువులకు సుఖమని నేను అనుకునేదాన్ని. కాదు. రోజూ నాలుగు గంటలకు, అంటే కచేరీ వదిలే వేళకు, ముత్యాలు ముందు చువ్వల దగ్గరికి వచ్చి కూర్చునేది. గేటు వైపు చూసేది. కోతులు రెండు రోజులు గంతులేసి, చూసేవాళ్లు లేక మానేశాయి. చూడలేక నేను ఒక ఉపాయం చేశాను. పట్టుచీర కట్టుకుని, నాలుగింటికి గేటు నుంచి లోపలికి వచ్చి, టిక్కెట్టు కొన్నదానిలా బోను బోనుకూ నిలబడి చూసేదాన్ని. కొమురవ్వ రెండో ప్రేక్షకురాలు.

"అగ్గో, ఎంత పెద్దగున్నదే అవ్వా" అనేది ముత్యాలు ముందు నిలబడి, పదో రోజు కూడా మొదటి రోజులాగే ఆశ్చర్యపోతూ. "గిది మనుషులను తింటదా?"

"తినది. కేసు ఓడినవా?" అనేదాన్ని.

"వాయిదా పడ్డది దొర్సాని."

"అయితే జింకల దగ్గరికి నడువు."

హనుమండ్లు కొట్టం గడపలో కూర్చుని గొంతు లేని నవ్వు నవ్వేవాడు. పెళ్లయిన తర్వాత నేను అన్ని రోజులు వరసగా నవ్వింది ఆ వానాకాలంలోనే.

శ్రావణంలో ఒక సాయంత్రం మావారు నాకు చాయ తెచ్చి ఇచ్చారు.

"సరళా, హెల్త్ ఆఫీసరుకు ఒక స్కీము రాసియ్యాలె. తోట మల్ల ఎట్ల తెరుస్తమో అన్నీ ఉండాలె అండ్ల. నువ్వైతే మంచిగ రాస్తవ్."

తొమ్మిదేళ్లలో ఆయన నాకు చాయ తెచ్చి ఇచ్చింది అదొక్కసారే. నేను సంతోషపడ్డాను. సంతోషపడటం మాని, ఎందుకని ఆలోచించవలసింది.

వారం రోజులు కూర్చుని రాశాను. గేటు దగ్గర ఫినాయిలు నీళ్ల పళ్లెం, అందులో కాళ్లు ముంచి రావాలి. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి. బోన్ల ముందు రెండు గజాల దూరంలో తాడు. తాడు వెంబడి సున్నంతో గీతలు, గీతకొక మనిషి. దగ్గేవాళ్లను గేటు ముసలాయన మర్యాదగా వెనక్కి పంపాలి. ఆ ముసలాయనే పెద్దగా దగ్గుతాడు, ఆ సంగతి రాయలేదు. మొత్తం నాలుగు కాగితాలు. చదివి ఉర్దూలో చెప్పాను. మావారు కళ్లు మూసుకుని విన్నారు.

"మస్తున్నది. ఇంకొక్కటి వెయ్యి చివరకు. ఏ జంతువు ఏం తింటది, ఎప్పుడు తింటది, ఎట్ల పిలుస్తరు, అంత రాయి. ఆఫీసరు గట్టోడు, అన్నీ అడుగుతడు. ముత్యాలుది జర వివరంగ రాయి."

ఐదో కాగితం ముత్యాలు కోసమే రాశాను. మూడు దెబ్బలు, పిలిచే మాట, ఇప్పపువ్వు ఎంత, వానలో ఉరిమితే వీపు గోడకు ఆనించుకుంటుంది కాబట్టి అప్పుడు పలక దించకూడదని, పొద్దు గూకకముందు లేపాలని. ఒక తల్లి కూతుర్ని అత్తారింటికి పంపుతూ రాసినట్టు రాశాను. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

ఆ వారంలోనే హనుమండ్లు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"దొర్సాని, జన్నారం కట్టె డిపోల కావలి కొలువు ఉన్నదట. మా బామ్మర్ది కబురు పెట్టిండు. ఉండెటందుకు ఇల్లు ఇస్తరట. పోవాల్నా, వద్దా?"

"దొరను అడిగినవా?"

"దొర చెప్పేది నాకు సమజ్ కాదు. చూద్దాం తియ్ అంటడు. మీరు చెప్పుండ్రి. తోట మల్ల తెరుస్తరా?"

"తెరుస్తం హనుమండ్లూ. కాగితం నేనే రాసిన."

"మీరు రాసిన్రా" అన్నాడు. "అయితే అయిపాయె." ఆ సాయంత్రమే బామ్మర్దికి రానని కబురు పంపాడు.

వినాయక చవితి తర్వాత పనులు మొదలుపెట్టాం. కొమురవ్వా నేనూ తాళ్లు కట్టాం, సున్నం గీతలు గీశాం. గీతకూ గీతకూ మధ్య దూరం సరిపోయిందో లేదో నిలబడి చూసుకున్నాం. ఒక రోజు పొద్దున వడ్రంగులు చక్రాల మీద ఉన్న కొత్త బోను ఒకటి నెట్టుకుంటూ వచ్చారు. వెనక మావారు.

"పాత బోనుకు రంగు వెయ్యాలె. రెండు దినాలు దీంట్ల ఉంచుదాం. నువ్వే పిలువు, నీ మాట ఇంటది" అన్నారు.

హనుమండ్లు ఆ బోను చుట్టూ తిరిగి చూశాడు. చక్రాలు చూశాడు. ఇప్పపువ్వు తెచ్చి లోపల పోశాడు.

నేను మూడు దెబ్బలు కొట్టాను. పిలిచాను. ముత్యాలు గడప దాకా వచ్చి, కొత్త కర్ర వాసన చూసి ఆగింది. నన్ను చూసింది.

"రా బిడ్డా, చల్లారిపోతది" అన్నాను.

పోయింది. పలక పడింది. ఆ చప్పుడు ఆగకముందే గేటు అవతల లారీ ఇంజను వినిపించింది.

లారీలోంచి దిగిన మనిషి పేరు షిందే, భైంసా అవతలి నుంచి వచ్చిన సర్కసు మేనేజరు. పసుపుపచ్చ రుమాలు, చేతిలో ఒక కాగితం. బోను చూసి తల ఊపాడు.

"బరే ఝాలే, మంచిగైంది. బాయీసాహెబ్ రాసినట్టే ఉన్నది. మూడు దెబ్బలు, సీద లోపటికి." కాగితం నా వైపు తిప్పాడు. నా అక్షరాలు. అంచుల్లో ఎవరో మరాఠీలో అర్థాలు రాసుకున్నారు. "రావుసాహెబ్ ఆషాఢంలనే మాట ఇచ్చిండు. నేనే అన్న, జానవర్ ఒక్కటి నాకెందుకు, దాని తిండి తెల్వదు, పిలుసుడు తెల్వదు. కాగితం ఇస్తెనే తీస్కపోత అన్న."

ఆషాఢం. చాయ శ్రావణంలో వచ్చింది.

అతని చేతిలో ఉన్నది ఐదో కాగితం ఒక్కటే. ముందు నాలుగూ తర్వాత నాకు దొరికాయి. మావారి బీరువాలో, జోళ్ల కింద పరిచి ఉన్నాయి.

"నీకు చెప్తే వద్దంటవని" అన్నారు మావారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "ఈడ టాకీసు కట్టిస్తున్న సరళా. జ్వరం ఒక లెక్కల మేలే చేసింది. బంద్ పెట్టినంక జనం తోటను మర్చిపోయిండ్రు. సినిమాను మర్చిపోలే."

ముత్యాలు ఇప్పపువ్వు తింటున్నది. మధ్యలో తలెత్తి మమ్మల్ని చూసి, మళ్లీ తినసాగింది. బోనును బల్లల మీదుగా లారీలోకి ఎక్కించారు. హనుమండ్లు షిందే దగ్గరికి పోయి ఏదో అన్నాడు. ఆ గొంతు వాడికి వినిపించలేదు. మళ్లీ అన్నాడు.

"పొద్దు గూకకముందు పలక లేపుండ్రి."

"లారీల ఎట్ల లేపుడు?" అన్నాడు షిందే, నిజంగానే అర్థం కాక.

లారీ పోయిన తర్వాత హనుమండ్లు మావారి వైపు చూడలేదు. దొరల దగ్గర అతను ఎన్నడూ ఏమీ ఆశించలేదు. నా వైపు చూశాడు.

"మీరు పిలిస్తె పోయింది దొర్సాని" అన్నాడు. కోపంగా కాదు. జరిగింది జరిగినట్టు.

వారంలో జింకలూ నెమళ్లూ కోతులూ పోయాయి. హనుమండ్లూ కొమురవ్వా జన్నారం పోయారు. కావలి కొలువు అప్పటికే వేరేవాళ్లకు పోయిందట, మొద్దులు మోసే పని దొరికిందని తెలిసింది. నేను వంట చేశాను, వడ్డించాను. మావారు రెండుసార్లు కూర బాగుందన్నారు. బాగానే ఉంది మరి.

పది రోజుల తర్వాత ఆయన మళ్లీ కాగితాలు పట్టుకుని వచ్చారు. ఈసారి చాయ లేదు.

"దసరా నాడు టాకీసుకు పునాది. కలెక్టరుగారికి, ఆఫీసర్లకు, వకీళ్లకు, ఫారెస్టోళ్లకు ఇంగ్లీషుల ఉత్తరాలు పోవాలె. ముప్ఫై దాక రాయి."

రాశాను. చాలా మంచి ఇంగ్లీషు. దసరా నాడు పొద్దున పది గంటలకు మా జంతువుల తోటను తిరిగి తెరుస్తున్నామనీ, కుటుంబాలతో రావలసిందనీ, పిల్లలను తప్పక తీసుకురావలసిందనీ, ముత్యాలు అతిథుల కోసం ఎదురు చూస్తుంటుందనీ. మావారు ఒక్కొక్క దాని కింద ఉర్దూలో సంతకం పెట్టుకుంటూ పోయారు. అందమైన సంతకం ఆయనది.

ఆ వారమంతా ఆయనకు దారిలో ఎదురైనవాళ్లు "తోట తెరుస్తుండ్రట గద, సంతోషం" అంటే ఆయన టాకీసు సంగతే అనుకుని "అంత మీ దయ" అన్నారు. నాకు ఇంట్లో కూర్చున్నా ఆ సంగతులన్నీ తెలిసేవి. ఒంటరిగా వంటింట్లో నవ్వుకున్నాను గాని, ఆ నవ్వు వానాకాలపు నవ్వులా లేదు.

దసరా నాడు పునాది గుంట పక్కన మావారు పూలదండతో, తాపీతో నిలబడ్డారు. జీపులు వచ్చాయి. జట్కాలు వచ్చాయి. ఆఫీసర్ల భార్యలు పట్టుచీరల్లో, పిల్లలు అరటిపండ్లు పట్టుకుని వచ్చారు. ఆ వెనక పల్లెల వాళ్లు సద్దులు కట్టుకుని వచ్చారు. మేం గీసిన సున్నం గీతలు వానకు సగం చెరిగి ఇంకా ఉన్నాయి. జనం ఎవరూ చెప్పకుండానే గీతకొకరు నిలబడ్డారు. కలెక్టరుగారి చిన్న కూతురు మావారి ధోతి కొస లాగింది.

"ఎలుగుబంటి ఏది?"

మావారు గుంటను చూశారు. ఖాళీ బోన్లను చూశారు. తర్వాత, అన్నీ అర్థమై, నన్ను చూశారు. ఆ చూపు కోసం నేను అన్ని రోజులూ బతికాను. ఎదురు చూసినంత బాగానే ఉంది. ఒక నిమిషం సేపు.

అప్పుడు జనం వెనక నుంచి ఎవరో దారి చేసుకుంటూ వచ్చారు. ముందు కొమురవ్వ, తలకు నూనె పెట్టుకుని. వెనక హనుమండ్లు, కొత్త తువ్వాలతో. భుజం మీద బస్తా. మొద్దులు మోసి మోసి మెడ మీద చర్మం చిట్లి ఉంది. బస్తా దించి నాకు దండం పెట్టాడు.

"రేంజరుసాబు చదివి చెప్పిండు దొర్సాని. ముత్యాలు మల్ల వచ్చిందట గద. ఆయన అబద్ధమన్న చెప్తడేమో, కాగితం దొర్సాని రాసిందంటె ఇగ అడిగేదేమున్నది అన్న. పని ఇడిచిపెట్టి వచ్చిన." బస్తా తట్టాడు. "ఉట్నూరు ఇప్పపువ్వే. నిరుటిది, మంచిగ ఎండింది."

నేను ఏదో చెప్పబోయాను. అతను అప్పటికే పాత బోను వైపు నడిచాడు. బయటి గది ఖాళీగా ఉంది. లోపలి గది చీకటి. ముత్యాలు లోపల పడుకుని ఉందనుకున్నాడు. పలక లేపి చువ్వల సందులోంచి దోసిళ్లతో ఇప్పపువ్వు పోశాడు. మూలన పడున్న బొక్కెన, గరిటె తెచ్చి తువ్వాలతో దుమ్ము తుడిచాడు. మూడు దెబ్బలు కొట్టాడు. తన ఎండుటాకు గొంతుతో ఒకసారి పిలిచి, తనే నవ్వి తల అడ్డంగా ఊపాడు.

జనమంతా చూస్తున్నారు. కలెక్టరుగారి కూతురు ముందు గీత మీదికి వచ్చి నిలబడింది.

"నా గొంతుకు రాదు గద" అని హనుమండ్లు గరిటె నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. "మీరు పిలువుండ్రి దొర్సాని."